సాయంత్రం కనపడని నొప్పి

జూన్ 12

మామయ్యకు నమస్కారాలు.

మీరు నా చేతిలో పెట్టి వెళ్లిన క్లినిక్ ఇంకా కూలిపోలేదు. మీ తిరుగుడు కుర్చీకి మాత్రం ఒక చక్రం ఊడింది. నర్సమ్మ దాన్ని చేత్తో పట్టుకుని వచ్చి, "పెద్ద డాక్టరుగారు ఇందులో ఇరవై ఆరేళ్లు కూర్చున్నారు, ఏనాడూ ఊడలేదు" అని నన్ను పైనుంచి కిందికి చూసింది. నేను లావయ్యానని మీకు ఉత్తరం వస్తే అది ఆవిడ రాసిందే అనుకోండి.

ఒక మార్పు చేశాను. మీకు పొద్దున ఫ్యాక్టరీలో డాక్టరు ఉద్యోగం ఉండేది కాబట్టి సాయంత్రం నాలుగున్నరకు గానీ తలుపులు తీసేవారు కాదు. నాకా బాధ లేదు గనక పొద్దున ఏడింటికి కూడా తీస్తున్నాను. నర్సమ్మ ఆవలింతలు తప్ప దీనివల్ల ఎవరికీ నష్టం లేదు.

మంగళవారం ఏడూ పదికి ఒకామె వచ్చింది. సిటీ బస్సు డ్రైవరు, ఇరవై తొమ్మిదేళ్లు, ఆ రోజు సెలవు. కూర్చోమన్నాను. "కూర్చుంటే మళ్లీ లేవడం పెద్ద పనండీ, నిలబడే చెప్తాను" అంది. గోడ పట్టుకుని నిలబడింది. నడుం ఒక చెక్కలా ఉంది. చెప్పులు విడవడానికి కాలితో కాలిని తోసుకుంది. ఇంతలో చెయ్యి తెగిన పిల్లనెవరో ఎత్తుకొచ్చారు. కుట్లు వేసేదాకా ఈమెను బయట ఉండమన్నాను. ఆమె కూర్చోలేదు. వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు గంటకు పైగా తిరుగుతూనే ఉంది. మళ్లీ పిలిచేసరికి మామూలుగా నడిచి వచ్చి, కిందపడిన నా పెన్నును వంగి తీసి ఇచ్చింది! ఇందాక వచ్చింది మీ అక్కగారా అని అడగబోయి నాలుక కరుచుకున్నాను.

మీ బీరువాలో ఆమె కార్డు దొరికింది. ఐదేళ్లలో పదకొండు సార్లు వచ్చింది. అంతా మీ చేతి రాతే. మీ సలహా అడుగుతానని ఆమెకు చెప్పాను, సరేనంది. కార్డులో లేనిదేమైనా మీకు గుర్తుంటే రాయండి.

అత్తయ్యను అడిగానని చెప్పండి. రిటైరై వెళ్లాక ఆ హెడ్మిస్ట్రెస్ గారి ఇంట్లో వంటమనిషి ఉద్యోగం ఎలా ఉంది మీకు?

మీ మేనకోడలు


జూన్ 19

అమ్మాయికి మామయ్య దీవెనలు.

ఉద్యోగం బాగుంది గానీ యజమానురాలు కఠినం. ఆరువందల మంది పిల్లలకు మార్కులు వేసిన చేయి కదా, ఇంటికి రాగానే నా వంటకూ వేస్తుంది. నిన్నటి కూరకు పదికి నాలుగు. మాడిన భాగం తీసేసి దిద్దితే అయిదున్నర రావాలని వాదించాను. పునఃపరిశీలన లేదంది.

నీ డ్రైవరమ్మ నాకు బాగా గుర్తు. డిపోలో ఆమెను "పొద్దుటి ముసలమ్మ" అంటారు. తెల్లవారుజాము షిఫ్టుకు ముసలమ్మలా ఈడ్చుకుంటూ వస్తుందట, మధ్యాహ్నానికి వాలీబాల్ ఆడుతుందట. నా దగ్గరకు వచ్చినప్పుడల్లా చలాకీగానే వచ్చేది. వంచి చూశాను, కాళ్లెత్తి చూశాను, సుత్తితో తట్టి చూశాను. ఎక్స్‌రే తీయించాను, శుభ్రంగా ఉంది. రక్తపరీక్షా శుభ్రమే. పడుకోమన్నాను, బరువులెత్తవద్దన్నాను, మాత్రలిచ్చాను. ఇంతకు మించి ఎవడు మాత్రం ఏం చేస్తాడు?

ఒకమాట చెప్తాను, మనసులో పెట్టుకో. నడుం నొప్పి రాని మనిషి లేడు. వందమందిలో తొంభై మందికి మనం చూసినా తగ్గుతుంది, చూడకపోయినా తగ్గుతుంది. వచ్చిన ప్రతివాణ్ణీ పెద్దాసుపత్రికి తోలితే అక్కడివాళ్లు నీ ఉత్తరాలు చూసి నవ్వుతారు. కొత్త వైద్యుడికంటే పాత రోగి మేలని ఊరికే అన్నారా?

కుర్చీకి కొత్త చక్రం వేయించకు, పాతదే బిగించు.

మామయ్య


జూన్ 27

మామయ్యా,

పాత రోగి మేలన్నారు కదా, అందుకే ఆ పాత రోగినే మళ్లీ కూర్చోబెట్టి, కాదు, నిలబెట్టి, అరగంట అడిగాను.

నొప్పి ఎప్పుడు మొదలైందో తేదీ చెప్పలేకపోయింది. బరువెత్తలేదు, పడలేదు. ఇరవై రెండో ఏట మెల్లగా పట్టుకుంది, ఏడేళ్లయినా వదలలేదు. తెల్లవారుజామున మూడింటికి నొప్పి నిద్ర లేపుతుందట, లేచి వంటింట్లో పది నిమిషాలు తిరిగితే గానీ మళ్లీ పడుకోలేదట. లేచాక గంట, గంటన్నర బిగుసుకుపోయి ఉంటుంది. కదిలిన కొద్దీ తగ్గుతుంది. పడుకున్న కొద్దీ పెరుగుతుంది. ఒక నెల కుడి పిరుదులో, ఒక నెల ఎడమ పిరుదులో. రెండేళ్ల కిందట మడమ నొప్పితో మూడు నెలలు కుంటింది, అది మీ కార్డులోనూ ఉంది. మీరిచ్చిన వాపు మాత్రలు వేసుకుంటే ఒక్క రోజులో ప్రాణం లేచి వస్తుందట, ఆపితే మళ్లీ మొదటికే. తమ్ముడికి మోచేతుల మీద పొలుసులు రాలే చర్మవ్యాధి ఉంది. జ్వరం, బరువు తగ్గడం, కాళ్లలో తిమ్మిరి, అలాంటి భయపెట్టే లక్షణాలేవీ లేవు.

మామయ్యా, ఇది మామూలు నడుం నొప్పి కాదు. అరిగిన నడుం పడుకుంటే హాయిగా ఉంటుంది. వాపు చేరిన నడుం పడుకుంటేనే బిగుస్తుంది. వెన్నెముక కటి ఎముకతో కలిసే కీళ్లలో వాపు ఉందని నా అనుమానం. మడమ నొప్పీ, తమ్ముడి చర్మవ్యాధీ దీనికి చుట్టాలే. ఈ జబ్బు ఎక్స్‌రేలో పడడానికి ఏళ్లు పడుతుంది, రక్తపరీక్ష సగం మందిలో మామూలుగానే ఉంటుంది. రెండూ శుభ్రంగా ఉన్నాయి కాబట్టి జబ్బు లేదనలేం. ఎముకల సర్జను దగ్గరకు కాదు, కీళ్లవాతం చూసే రుమటాలజిస్టు దగ్గరకు రాసి పంపుతున్నాను.

ఇక రాయక తప్పని సంగతి. డిపో మేనేజరు ఆమె మీద ఫైలు నడుపుతున్నాడు. తెల్లవారుజాము షిఫ్టు ఎగ్గొట్టడానికి నాటకం ఆడుతోందని ఆయన వాదన. జూలై 24న మెడికల్ బోర్డు. జబ్బు లేదని తేలితే ఉద్యోగం పోతుంది. ఆ ఫైల్లో అన్నిటికన్నా పైన ఉన్న కాగితం మీదే. మూడేళ్ల కిందట డిపో అడిగితే, "పరీక్షించాను, శారీరక లోపమేదీ లేదు" అని రాసిచ్చారు. కార్డు మీద తొమ్మిదో సారి దగ్గర, పక్కన చిన్న అక్షరాలతో "నటన?" అని ఉంది.

ఆ కాగితాన్ని వెనక్కు తీసుకుంటున్నట్టు రెండు ముక్కలు రాస్తారా?

మీ మేనకోడలు


జూలై 4

డాక్టరుగారికి,

ఉత్తరం అందింది. నా కార్డులు మీకు ఇచ్చింది రోగుల కోసం. తప్పులు ఏరడానికని అప్పుడు తెలియలేదు.

ముప్పై ఎనిమిదేళ్లు ఆ ఊళ్లో వైద్యం చేశాను. ఏ రోజు ఏది కంటికి కనపడిందో అది రాశాను. నడుం వంచమంటే వంచిన మనిషికి నడుం వంగదని రాయలేను కదా. "నటన" పక్కన ప్రశ్నార్థకం ఉంది, అది మీరు చూసినట్టు లేదు. డిపోకు ఇచ్చిన కాగితం అది రాసిన రోజున నిజం. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ! సర్టిఫికెట్టు రాయడమంటే ఏమిటో, రాసింది వెనక్కు తీసుకోవడమంటే ఏమిటో ఇంకో ఇరవై ఏళ్లు పోతే మీకే తెలుస్తుంది.

మీ అత్తయ్య క్షేమం.

మామయ్య


జూలై 9

మామయ్యా,

మీరు నన్ను మీరు అన్నారు. చిన్నప్పుడు మీ స్టెతస్కోపు నీళ్ల తొట్టిలో వేసినప్పుడు కూడా అనలేదు.

తప్పులు ఏరుతున్నాననుకున్నారు. నేను రాసిన తీరు అలాగే ఉందని ఇప్పుడు చదువుకుంటే తెలుస్తోంది. మీరు చెడ్డ డాక్టరని కాదు నేను రాయాల్సింది. కార్డు మీద టైము కూడా వేసే మంచి అలవాటు మీది. పదకొండు సార్లలో ఒక్కటీ సాయంత్రం ఆరుకు ముందు లేదు. ఆమె అప్పటికి పన్నెండు గంటలుగా కదులుతూ ఉంది. మీ ఎదుట వంగిన నడుం నిజమే, నా ఎదుట వంగని నడుమూ నిజమే. నేను ఏడింటికి తలుపు తీశాను కాబట్టి చూశాను, అంతే. నా తెలివేమీ లేదు ఇందులో.

ఇంకో సంగతి జరిగింది. శుక్రవారం ఆమె ఎడమ కన్ను నిప్పులా ఎర్రబడి, వెలుతురు చూడలేక చేయి అడ్డం పెట్టుకుని వచ్చింది. మందుల షాపులో కళ్లకలకకు వేసే చుక్కలు ఇచ్చి పంపారట. నేను ఒక్క నిమిషం ఆగకుండా కంటి ఆసుపత్రికి పంపాను. కంటి లోపలి పొరకు వాపు వచ్చింది. రెండు రోజులు ఆలస్యమైతే చూపు దెబ్బతినేదన్నారు, ఇప్పుడు వారంలో డ్యూటీకి వెళ్లొచ్చట. ఆ కంటి డాక్టరు తిరుగు ఉత్తరంలో తనంతట తానే ఒక ప్రశ్న వేశాడు: "ఈమెకు చాలాకాలంగా నడుం నొప్పి ఉందా?"

రుమటాలజీ విభాగం వాళ్లు మొదట అక్టోబరులో తేదీ ఇచ్చారు. నా ఉత్తరం తిరిగి చదువుకుంటే నాకే సిగ్గేసింది. "దీర్ఘకాలపు నడుం నొప్పి, దయచేసి చూడగలరు" అని రాశాను. అలా రాస్తే అక్టోబరు కాక ఏమిస్తారు? మళ్లీ రాశాను. మొదలైన వయసు, మూడింటి మెలకువ, పొద్దుటి బిగువు, మడమ, మాత్రలకు తగ్గడం, తమ్ముడి చర్మం, ఇప్పుడు కన్ను, అన్నీ వరసగా. ఫోన్ చేసి ఆ డాక్టరుతోనే మాట్లాడాను. జూలై 22న రమ్మన్నారు.

బోర్డుకు మీ ముక్క ఉంటే బలం. కోపం ఉంటే నా మీద పెట్టుకోండి, ఆమె మీద వద్దు.

మీ పిల్లకాకి


జూలై 17

మామయ్యా,

ఎనిమిది రోజులు జవాబు కోసం చూశాను. నిన్న జవాబు దొరికింది, ఉత్తరంలో కాదు.

నర్సమ్మ వాళ్లాయన డిపోలో మెకానిక్కు. మీరు ఈ ఊరికి వచ్చారట. డిపో మేనేజరు గదిలో ఫ్యాను కింద కూర్చుని, ఆయన తెప్పించిన టీ తాగుతూ, బల్ల మీద ఫైలు తెరుచుకుని మాట్లాడుకుంటున్నారట. నాలుగు వీధుల అవతల నేనున్నాను. నా గుమ్మం తొక్కలేదు.

మీరు ఏ పక్కన కూర్చున్నారో నాకు అర్థమైంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి మీ మామయ్య అని అమ్మ నవ్వుతూ చెప్పేది, నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

మీరు నాకు వైద్యం నేర్పారు. పదో తరగతిలో మీ పక్కన స్టూలు మీద కూర్చున్నప్పుడు, రోగి మాట మధ్యలో ఆపకూడదని చెప్పింది మీరే. కాబట్టి ఇది కూడా మీరు నేర్పిందే అనుకోండి: 24న నేను బోర్డు ముందుకు వెళ్తున్నాను. మీ కాగితానికి ఎదురుగా నా కాగితం పెడతాను. మీకు ముందే చెప్పడం మర్యాద కాబట్టి చెప్తున్నాను.

అత్తయ్యకు నమస్కారాలు.

మేనకోడలు


జూలై 20

అమ్మాయీ,

నీ ఉత్తరం మీ అత్తయ్య గట్టిగా చదివింది, నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. చదివి, "ఇప్పుడు కళ్లనీళ్లు దేనివో అడగను లెండి" అంది.

చెప్తాను, మధ్యలో ఆపకు.

నీ తొమ్మిదో తేదీ ఉత్తరంలో "ఆరుకు ముందు లేదు" అన్న ముక్క దగ్గర ఆగిపోయాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అంతకుముందు ఉత్తరానికి ఎగిరిపడ్డానే గానీ, ఈ ముక్క మీద ఎగరలేకపోయాను. అయినా నమ్మకం కుదరలేదు. ముప్పై ఎనిమిదేళ్ల అహంకారం ఒక్క వాక్యానికి కరుగుతుందా? నా కళ్లతో నేనే చూడాలనుకుని బస్సెక్కాను. నీ ఇంటికి రావడానికి మొహం చెల్లక బస్టాండు ఎదురుగా లాడ్జీలో దిగాను.

మర్నాడు అయిదు కాకుండానే డిపో గేటు పక్క బెంచీ మీద కూర్చున్నాను. ఆమె వచ్చింది. ఒక్కో అడుగూ నేలను అడిగి వేస్తున్నట్టు నడిచింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, అప్పుడు కూడా నా బుద్ధి "నన్ను చూసి ఉంటుంది" అంది. అందుకని రెండో రోజు బెంచీ మీద కాక, టైముల బోర్డు వెనక నిలబడ్డాను. ఇంకా డ్రైవర్లెవరూ రాలేదు. ఆమె బస్సు తలుపు కమ్మీ పట్టుకుంది. కుడికాలు మెట్టు మీదకు ఎత్తబోయింది, లేవలేదు. నుదురు తలుపుకు ఆనించి అలాగే ఉండిపోయింది. తర్వాత రెండు చేతులతో తొడను పట్టుకుని, సామాను ఎత్తినట్టు తన కాలు తానే ఎత్తి మెట్టు మీద పెట్టుకుంది. నటన అయితే చూసేవాళ్లు ఉండాలి కదమ్మా. అక్కడ ఎవరూ లేరు.

మూడో రోజు ఆమె బస్సే ఎక్కి ఆఖరి స్టాపు దాకా కూర్చున్నాను. అందరూ దిగారు.

"డాక్టరుగారూ, బస్సు ఇంతవరకే. దిగాలి" అంది. నేను ఎక్కినప్పుడే చూసిందన్నమాట.

"నీతో మాట్లాడాలమ్మా."

"పదకొండు సార్లు మాట్లాడాను కదండీ."

"మాట్లాడావు. నేనే వినలేదు."

ఇంజను ఆపింది. "వినకపోతే వినకపోయారు. డాక్టర్లకు పని ఎక్కువ, నాకు తెలుసు. కానీ రాశారే, ఆ కాగితం, అది మూడేళ్లుగా నా వెనకాలే తిరుగుతోంది. మా ఆయన కూడా ఒకరోజు అడిగాడు, నిజంగా నొప్పేనా అని" అంది.

"ఆ కాగితాన్ని ఆపడానికే వచ్చాను."

వాచీ చూసుకుంది. "ఇంకా ఆరు నిమిషాలుంది. ఏం చేస్తారో ఆరు నిమిషాల్లో చెప్పండి."

చెప్పాను. నేరుగా మేనేజరు గదికి వెళ్లాను. నర్సమ్మ మొగుడు చూసింది ఆ టీయే. మేనేజరు చెడ్డవాడేమీ కాదు. "మీ మాట మీదే కదండీ ఫైలు నడిచింది" అన్నాడు. "అవును, తప్పుదారిలో నడిచింది. నడిపినవాణ్ణి నేను, ఆపుతున్నదీ నేనే" అన్నాను. అక్కడే కాగితం అడిగి రాశాను. ఆమెను ఎప్పుడూ సాయంత్రమే చూశానని, ఆ జబ్బు పొద్దున ఉంటుందని, నా పాత సర్టిఫికెట్టు చెల్లదని రాసి సంతకం చేసి, నకలు మీద ఆయన చేత సంతకం చేయించుకున్నాను. నకలు ఇందులో పెట్టాను.

24న బోర్డు దగ్గర కలుద్దాం. ఈసారి లాడ్జీలో దిగను. నన్ను రానిస్తావో లేదో నీ ఇష్టం.

మామయ్య


ఆగస్టు 5

మామయ్యా,

ముందుగా క్షమించమని అడగాలి. బోర్డు రోజున గుమ్మంలో మిమ్మల్ని చూసి ఏడ్చానే గానీ అడగలేదు. మీరేమో "కుర్చీ చక్రం బిగించావా?" అని అడిగి మాట తప్పించారు. టీ కప్పు చూసి తీర్పు చెప్పినదాన్ని నేను. సాయంత్రం నడుం చూసి తీర్పు చెప్పిన మిమ్మల్ని ఏ మొహంతో అన్నానో!

మీరు వెళ్లాక జరిగింది వినండి. స్కానింగు రిపోర్టు వచ్చింది. వెన్నెముక కింద రెండు పక్కల కీళ్లలోనూ వాపు స్పష్టంగా ఉంది. ముదిరితే ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, అదింకా జరగలేదు. ఈ జబ్బు వాళ్లలో ఎక్కువగా కనపడే జన్యువు కూడా ఆమె రక్తంలో ఉంది. రుమటాలజిస్టు నాకు రాసిన ఉత్తరంలో ఒక వాక్యం మీకు పంపుతున్నాను: "ఇంకో అయిదేళ్లు ఆలస్యమైతే చేయగలిగింది చాలా తక్కువగా ఉండేది."

డ్రైవరమ్మకు ఈ మాట చెప్పినప్పుడు ఆమె జబ్బు పేరును మూడు సార్లు పలికించుకుంది. కాగితం మీద రాసిమ్మంది. "ఇంత పొడుగు పేరున్న జబ్బును పట్టుకుని నాటకమన్నారా!" అని పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మొహం తిప్పుకుంది. బయట వాళ్లాయన ఉన్నాడు. వెళ్లి అతని చేతిలో ఆ కాగితం పెట్టింది. అతను చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని, గుమ్మం దగ్గరున్న ఆమె చెప్పులు వంగి ముందుకు జరిపాడు.

మాత్రలు క్రమంగా వేసుకోవాలి, చాలకపోతే ఇంజెక్షన్లున్నాయి. రోజూ వ్యాయామం తప్పనిసరి. పడుకోమనడం మన పొరపాటు. మన అన్నాను, నేనూ మొదటి ఏడాది ఎంతమందికి ఆ మాట చెప్పానో లెక్కలేదు. మీ కాగితమూ ఈ రిపోర్టూ చూసి బోర్డు ఫైలు మూసేసింది, ఆమెను మధ్యాహ్నం షిఫ్టుకు మార్చింది. వాలీబాల్ మానాలా అని అడిగితే, మానితే ఊరుకోనన్నాను.

అత్తయ్య నాకు విడిగా కార్డు రాసింది. మీ వంటకు మొన్న ఏడు మార్కులు వేసిందట. దయతో కాదట.

మీ మేనకోడలు


ఆగస్టు 12

అమ్మాయికి దీవెనలు.

ఏడు కాదు, ఏడున్నర. మీ అత్తయ్య అరమార్కు మింగింది.

క్షమాపణల లావాదేవీ ఇక్కడితో ఆపేద్దాం, ఇద్దరికీ పని ఉంది. వారం రోజులుగా పాతవాళ్ల మొహాలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నాను. చిన్న వయసులో నడుమంటూ వచ్చినవాళ్లు, మాటిమాటికీ వచ్చినవాళ్లు, నేను విసుక్కున్నవాళ్లు. నలుగురు మెదిలారు. బడి ముందు పుస్తకాల షాపామె, ఆమెకు మడమ నొప్పి కూడా ఉండేది. పోస్టాఫీసు గుమాస్తా, కన్ను రెండు సార్లు ఎర్రబడిందని కార్డులో ఉంటుంది. ఈతకొలను కాపలా అబ్బాయి. నాలుగోవాడు రైలు గేటు పక్కన వెల్డింగు పని చేసేవాడు. అతను పద్దెనిమిదేళ్ల కిందట రావడం మానేశాడు. తగ్గి మానేశాడని అప్పుడు సంతోషించాను. ఎందుకు మానేశాడో ఒక్కసారైనా కనుక్కోలేదు.

నలుగురికీ జబ్బు ఉందనడం లేదు, ఉండకపోవచ్చు. అయినా పిలిచి అడుగు. పిలిచింది నేనని చెప్పు. పెద్ద డాక్టరు సరిగా చూడలేదు, మళ్లీ చూడమన్నాడని అదే మాటల్లో చెప్పు. మెత్తగా చెప్పకు.

మామయ్య


ఆగస్టు 28

మామయ్యా,

మీరు చెప్పినట్టే అవే మాటలతో నలుగురికీ కబురు పెట్టాను. "పెద్ద డాక్టరుగారి పరువు తీసే పని నేను చెయ్యను" అని నర్సమ్మ మొండికేసింది. మీ ఉత్తరం చూపించాను. రెండు సార్లు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, ఆవిడే వెళ్లి చెప్పి వచ్చింది.

పుస్తకాల షాపామెకు పడుకుంటే తగ్గే మామూలు నొప్పే. మీరు చూసింది సరిగానే చూశారు, ఊరట పడండి. ఈతకొలను అబ్బాయికి ఎప్పుడో తగ్గిపోయింది. పోస్టాఫీసు గుమాస్తా విషయంలో నాకు గట్టి అనుమానం ఉంది, ఉత్తరం రాసి పంపాను. ఈసారి మొదటి ఉత్తరమే సరిగా రాశాను.

వెల్డింగాయన నిన్న మధ్యాహ్నం వచ్చాడు. నలభై రెండేళ్లు. తలుపు తీయగానే నాకు అర్థమైంది, పరీక్ష అక్కర్లేకపోయింది. వీపు ముందుకు వంగి గట్టిపడిపోయింది. మెడ తిరగదు. నన్ను చూడడానికి మొత్తం మనిషే తిరిగాడు. ఎన్నాళ్లయిందని అడిగితే, "నొప్పి పోయి చాలా ఏళ్లయిందమ్మా, వంకరే మిగిలింది" అన్నాడు. కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఇది పనివల్ల వచ్చిన గూని కాదని, దీనికి పేరుందని, అప్పుడే కనుక్కుని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమోనని. మీ మాట కూడా చెప్పాను. 

ఆయన మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఒకటే అడిగాడు.

"ఇది పిల్లలకు వస్తుందా డాక్టరమ్మా?"

"అందరికీ రాదు. కొన్ని కుటుంబాల్లో వస్తుంది. ఎందుకు?"

"మావాడికి పంతొమ్మిదేళ్లు. ఏడాదిగా పొద్దున లేవడు. లేపితే నడుం పట్టుకుని కూర్చుంటాడు. బద్ధకమని రోజూ తిడుతున్నాను. మొన్న చెయ్యి కూడా చేసుకున్నాను."

అని లేచి నిలబడ్డాడు. నేనేదో చెప్పేలోపలే వెళ్లిపోయాడు. అరగంటలో కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. పొడుగాటి కుర్రాడు, అమ్మాయిలాంటి కళ్లు. చేతికి ఇంకా గ్రీజు అంటుకుని ఉంది. ఎప్పటినుంచి నాన్నా నొప్పి అని అడిగితే, వాళ్ల నాన్న వంక చూసి, "ఏం లేదండీ, కొంచెం బద్ధకమంతే" అన్నాడు.

తండ్రికి మెడ తిరగదు కదా. పాదాలు కదిపి, భుజాలు తిప్పి, మొత్తంగా కొడుకు వైపు తిరిగాడు. వాడి మణికట్టు పట్టుకున్నాడు.

"చెప్పరా. దాచకుండా చెప్పు. ఈమె నమ్ముతుంది. నేనూ నమ్ముతాను."

వాడు చెప్పడం మొదలుపెట్టాడు. గంట సేపు చెప్పాడు. నేను మధ్యలో ఆపలేదు.

వాడి కోసం రుమటాలజిస్టుకు ఉత్తరం ఈ ఉదయమే పంపాను.

మీ మేనకోడలు